స్పోర్ట్స్ కారు దించాలనుకుంటే: నెల్లూరు, ఒంగోలు రోడ్లకి ఏది సరిపోతుంది?

కారు దించడమంటే సస్పెన్షన్ మార్చి నేల నుంచి బండి ఎత్తు తగ్గించడం. దానికి ముందు టేపు తీసుకుని మీ గేటు ముందున్న ర్యాంపు కొలవండి. పొడవెంత, ఎత్తెంత రాసుకోండి. నెల్లూరులో వాన నీళ్లు లోపలికి రాకూడదని ఇళ్లు ఎత్తుగా కడతారు, ముందు వదిలే స్థలం మాత్రం తక్కువ. అందుకే ఆరడుగుల పొడవులో అడుగు ఎత్తు ఎక్కే ర్యాంపులు మన వీధుల్లో మామూలే. ఇప్పుడు ముందు చక్రం నేలను తాకే చోటు నుంచి బంపర్ కింది అంచు దాకా దూరం కొలవండి. అది 90 సెం.మీ. ఉందనుకుందాం. ఆరుకి ఒకటి వాలున్న ర్యాంపు ఆ దూరంలో 15 సెం.మీ. లేస్తుంది. మీ బంపర్ అంచు నేల నుంచి 17 సెం.మీ. ఎత్తులో ఉంటే ఇప్పటికి గండం తప్పుతోంది. బండి 25 మి.మీ. దించారంటే అంచు 14.5కి వస్తుంది, రోజూ ఇంటికొచ్చేటప్పుడు గీసుకుంటుంది. అదే ర్యాంపు ఎనిమిదికి ఒకటైతే ఆ దూరంలో లేచేది 11 సెం.మీ. పైచిలుకే. అప్పుడు 40 మి.మీ. దించినా గేటు దాటొచ్చు.

స్ప్రింగ్‌లా, కాయిలోవర్లా (ఎత్తు మార్చుకోగల స్ప్రింగ్, షాకబ్జార్బర్ జోడీ), ఎయిర్ సస్పెన్షనా (స్ప్రింగ్ బదులు గాలి సంచులు) అన్న చర్చ ఈ కొలత అయ్యాకే. ఎంత దించొచ్చో తేలితే, దేంతో దించాలన్నది సగం దానంతటదే తేలిపోతుంది.

రెండో కొలత స్పీడ్ బ్రేకర్లది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు ఉంటుంది, 17 మీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా లేస్తుంది. చక్రాల మధ్య దూరం 2.65 మీటర్లున్న సెడాన్ దాని మీదికి ఎక్కినప్పుడు నాలుగు చక్రాలూ ఆ గుండ్రం మీదే ఉంటాయి. కాబట్టి బండి కడుపు కింద ఆ దిబ్బ నిజంగా పొడుచుకొచ్చేది 5 సెం.మీ. చిల్లర మాత్రమే. ఎంత దించిన బండైనా దాటేస్తుంది. గొడవంతా ఊరివాళ్లు తారో కాంక్రీటో పోసి కట్టుకున్న సన్నటి దిబ్బలతోనే. మీటరు వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు ఉన్న దిబ్బ ముందు చక్రాలు దిగాక పూర్తిగా రెండు చక్రాల మధ్యకొస్తుంది, అంటే ఆ 15 సెంటీమీటర్లూ బండి కడుపు కిందే. పొదలకూరు రోడ్డులో గానీ, ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్లే దారిలో గానీ ఊరు రాగానే కాలు బ్రేకు మీదికి ఎందుకు పోతుందో కారున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కిస్తూ దాటితే కొంత కలిసొస్తుంది గానీ వెనకాల ఆర్టీసీ బస్సు హారన్ కొడుతుంటే అది అన్నిసార్లూ కుదరదు.

ఈ కొలతలు మీరొక్కరే ఉన్నప్పుడు తీసుకుంటే ఉపయోగం లేదు. ట్యాంకు నింపి, నలుగురిని కూర్చోబెట్టి, డిక్కీలో సామాను పెట్టి కొలవండి. మామూలు సెడాన్‌లో వెనక ఇరుసు మీద అదనంగా 150 కిలోలు పడితే వెనక భాగం ఇంచుమించు 30 మి.మీ. దిగుతుంది. కంపెనీ బ్రోషర్‌లో కనిపించే గ్రౌండ్ క్లియరెన్స్ సాధారణంగా ఖాళీ బండిది. ఫోక్స్‌వ్యాగన్ వర్టుస్‌కి చెప్పే 179 మి.మీ. కూడా అలాంటిదే. తిరుపతికి కుటుంబంతో బయల్దేరే రోజున ఆ అంకె ఉండదు.

ఇంకా అనుమానంగా ఉంటే డబ్బు పెట్టే ముందు ఒక పని చేయండి. బండి కింద అన్నిటికంటే తక్కువ ఎత్తులో ఉన్న చోట, బంపర్ కింది అంచుకి కూడా, ఎంత దించాలనుకుంటున్నారో అంత మందం థర్మకోల్ ముక్కలు టేపుతో అంటించండి. సైలెన్సర్ దగ్గర మాత్రం వద్దు, వేడికి కరిగిపోతుంది. ఓ వారం మామూలుగా తిరగండి. ముక్కలు ఎక్కడ చిరిగాయో చూస్తే మీ దారి ఏమంటోందో తెలిసిపోతుంది.

అసలు దించితే వచ్చేదెంత?

రోడ్డు మీద నడిపే బండికి లాభం అనుకున్నంత ఉండదు. కారు గరిమనాభి నేల నుంచి సుమారు అర మీటరు ఎత్తులో ఉంటుంది. 25 మి.మీ. దించితే మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి మారే బరువు దాదాపు 5 శాతం తగ్గుతుంది, అంతే. పైగా ముందు మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కార్లలో (స్ప్రింగ్, షాకబ్జార్బర్ ఒకే కాండంగా ఉండేవి, మనం కొనే కార్లలో ఎక్కువ అవే) బండి దిగినప్పుడు రోల్ సెంటర్, అంటే మలుపులో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, అంతకంటే ఎక్కువ దిగుతుంది. అందువల్ల స్ప్రింగ్ గట్టిదనం పెంచకుండా ఉత్తినే దించితే మలుపులో బండి ఇంకా ఎక్కువ ఒరిగే అవకాశం ఉంది. దించిన బండి బాగా నిలబడుతోందని అనిపించేది చాలావరకు గట్టి స్ప్రింగ్, మంచి షాకబ్జార్బర్ వల్ల. ఎత్తు తగ్గడం వల్ల వచ్చేది అందులో చిన్న వాటా. అరిగిన టైర్లతో దించిన బండి కంటే, మంచి టైర్లు వేసి అలైన్‌మెంట్ సరిగ్గా చేయించిన స్టాక్ బండి (కంపెనీ ఎత్తులోనే ఉన్నది) దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు బాగుంటుంది. ఇది చెబితే వాట్సాప్ గ్రూపులో గొడవ పెట్టుకుంటారు గానీ లెక్క మారదు.

అందం సంగతి వేరు. చక్రానికీ ఫెండర్‌కీ మధ్య నాలుగు వేళ్ల సందు చూసి మనసు చివుక్కుమనడం తప్పేమీ కాదు. యూరప్ కంపెనీలు మన రోడ్ల కోసం చాలా మోడళ్లని యూరప్ బండి కంటే కాస్త ఎత్తు పెంచి అమ్ముతాయి కాబట్టి ఆ సందు ఇక్కడ ఇంకా పెద్దగా కనిపిస్తుంది. అలాంటి కారుని 20, 25 మి.మీ. దించితే అది తన సొంత ఎత్తుకి దగ్గరగా వస్తుంది. పోలో జీటీ, ఆక్టావియా, బీఎండబ్ల్యూ 3 సిరీస్ లాంటివి ఉన్నవాళ్లకి ఇది సహేతుకమైన కోరికే.

అసలైన స్పోర్ట్స్ కారున్నవాళ్ల మాట వేరు. బీఎండబ్ల్యూ జెడ్4, ఫోర్డ్ మస్టాంగ్, ఆడీ టీటీ, పోర్షే కేమన్ పుట్టడమే కిందికి పుట్టాయి. మన జిల్లాలో వాటిని ఇంకా దించాలంటే నా ఓటు వద్దనే. ముందు భాగం పైకి లేపే లిఫ్ట్ ఆప్షన్‌తో వచ్చిన పోర్షే దొరికితే, దించడానికి పెట్టే డబ్బు దానికి పెట్టండి. 911లో ఆ ఏర్పాటు ముక్కుని సుమారు 40 మి.మీ. లేపుతుంది, ఇంటి ర్యాంపు దగ్గర అది బంగారం.

స్ప్రింగ్ కోయించడం

దీన్ని ఎంపికల్లో చేర్చకూడదు గానీ ఊళ్లో ఎక్కువ జరిగేది ఇదే కాబట్టి తప్పదు. "అన్నా, ఒక చుట్టు కోసేస్తే సరిపోద్ది, స్ప్రింగులకి అంత డబ్బెందుకు?" అనే మెకానిక్ ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగ్‌లో ఒకటి కోస్తే అది 20 శాతం గట్టిపడుతుంది, కానీ పొడవు తగ్గిపోతుంది. చక్రం గుంతలోకి వేలాడినప్పుడు స్ప్రింగ్ తన కప్పులో వదులై పక్కకి జరుగుతుంది. కోసిన కొస కప్పులో సరిగ్గా కూర్చోదు. గ్యాస్‌తో వేడిచేసి కుదించడం ఇంకా ఘోరం, ఆ వేడికి ఉక్కు టెంపర్ పోతుంది, ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. వంద కిలోమీటర్ల వేగంలో హైవే మీద అది జరిగితే మిగులుతుందనుకున్న డబ్బు గురించి ఎవరూ మాట్లాడరు.

లోయరింగ్ స్ప్రింగ్‌లు, వాటితోపాటు షాకబ్జార్బర్లు

ఇక్కడ ఎక్కువమందికి సరిపడేది ఇదే. ఐబాక్ ప్రో-కిట్, హెచ్ అండ్ ఆర్ లాంటి స్ప్రింగ్‌లు చాలా కార్లలో 25, 35 మి.మీ. మధ్య దించుతాయి. మన కొలత 20, 25 దగ్గర ఆగిందంటే మీ మోడల్‌కి వచ్చే స్ప్రింగ్‌లలో అన్నిటికంటే తక్కువ దించేదాన్ని వెతకండి. 'స్పోర్ట్‌లైన్' లాంటి పేర్లతో ఎక్కువ దించే రకాలు ఫొటోలకి బాగుంటాయి, చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డుకి బాగుండవు. యూరప్ సైట్‌లో రాసిన అంకెని నమ్మే ముందు అది ఏ దేశపు బండి ఎత్తు నుంచి లెక్కేశారో అడగండి. ఇండియా బండి ఎత్తుగా ఉంటుంది కాబట్టి అదే స్ప్రింగ్ ఇక్కడ ఇంకాస్త ఎక్కువ దించవచ్చు.

ప్రోగ్రెసివ్ రకం స్ప్రింగ్ మొదట్లో మెత్తగా ఉండి, కిందికి నొక్కుకునే కొద్దీ గట్టిపడుతుంది. చిన్న గతుకులకి సుఖం, పెద్ద గుంతకి అడుగు తగలకుండా కాపు. మన రోడ్లకి ఇదే నయం.

కొత్త బండికి, కొత్త షాకబ్జార్బర్లకి పాతికలోపు దించితే స్ప్రింగ్‌లు ఒక్కటే వేసినా కొంతకాలం నడుస్తుంది. 50 వేల కిలోమీటర్లు తిరిగిన బండికి మాత్రం ఆ పొదుపు వద్దు. గట్టి స్ప్రింగ్‌ని అలసిపోయిన షాకబ్జార్బర్ పట్టుకోలేదు, పెన్నా బ్రిడ్జి జాయింట్ల మీద బండి రెండు మూడుసార్లు ఊగుతుంది. బిల్‌స్టీన్ బీ8 లాంటివి దించిన బండి కోసమే పొట్టిగా చేసినవి. కోనీ ఎల్లో రకంలో రీబౌండ్ (నొక్కుకున్న స్ప్రింగ్ తిరిగి లేచేటప్పటి) గట్టిదనం మనమే సరిచేసుకోవచ్చు. స్ప్రింగ్‌లు, షాకబ్జార్బర్లు, టాప్ మౌంట్లు (వాటిని పైన బాడీకి పట్టి ఉంచేవి), బంప్ స్టాపులు (పూర్తిగా నొక్కుకున్నప్పుడు దెబ్బ ఆపే రబ్బరు ముక్కలు) ఒకేసారి మార్పిస్తే లేబర్ ఛార్జీ కూడా ఒక్కసారే పడుతుంది.

బండికి ఎలక్ట్రానిక్‌గా మారే షాకబ్జార్బర్లు ఉంటే (స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ డీసీసీ, పోర్షే పీఏఎస్‌ఎం) స్ప్రింగ్‌ల దారే మేలు, ఆ ఎలక్ట్రానిక్స్ అలాగే పనిచేస్తాయి. మామూలు కాయిలోవర్లు పెడితే డ్యాష్‌బోర్డు మీద వార్నింగ్ లైటు వెలుగుతుంది, దాన్ని ఆర్పడానికి మళ్లీ వేరే మాడ్యూల్.

కాయిలోవర్లు

మంచి స్ప్రింగ్‌ల సెట్‌కి అయ్యే డబ్బుకి మూడు నాలుగు రెట్లు పెట్టగలిగితేనే ఇటు చూడండి. ఎత్తు మన చేతిలో ఉండటం వీటి గొప్పదనం. నెల్లూరు ర్యాంపుకి 20 దగ్గర పెట్టుకుని, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి వెళ్లేముందు ఇంకో పది దించుకోవచ్చు. నిజం చెప్పాలంటే కొన్నవాళ్లలో ఎక్కువమంది ఒకసారి సెట్ చేసి మళ్లీ ముట్టుకోరు. ముట్టుకోనివాళ్లకి స్ప్రింగ్‌లు చాలు.

రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో స్ప్రింగ్ కూర్చునే కప్పు కిందికి పైకి తిరుగుతుంది, బండి దించే కొద్దీ సస్పెన్షన్ ప్రయాణం (చక్రం పైకీ కిందికీ కదలగలిగే దూరం) తగ్గుతుంది. బిల్‌స్టీన్ బీ14 ఇలాంటిదే, షాకబ్జార్బర్ గట్టిదనం కూడా ఫ్యాక్టరీలో పెట్టినట్టే ఉంటుంది. నాకు అది లోపంగా అనిపించదు, తిప్పడానికి నాబ్ లేకపోతే చెడగొట్టడానికీ వీలుండదు. రెండోదాంట్లో కింది బ్రాకెట్టే తిరుగుతుంది, ఎత్తు మారినా ప్రయాణం అలాగే ఉంటుంది. బీసీ రేసింగ్ సెట్‌లు ఈ రకం, వాటికి గట్టిదనం మార్చే 30 క్లిక్కుల నాబ్ ఉంటుంది. వాటితో వచ్చే పిల్లో బాల్ టాప్ మౌంట్లు (రబ్బరు బదులు లోహపు గుండు కీలు ఉండేవి) ట్రాక్ మీద అద్భుతం. దుమ్ము, నీళ్లు లోపలికి పోయాక మాత్రం స్టీరింగ్ తిప్పినప్పుడల్లా టక్ టక్ మంటాయి. రోడ్డు కారుకి రబ్బరు మౌంట్లే అడగండి.

మన ప్రాంతంలో కాయిలోవర్లకి అసలు శత్రువు ఉప్పు. మైపాడు, కొత్తపట్నం, కృష్ణపట్నం వైపు ఇళ్లున్నవాళ్లకి గాలిలోనే ఉప్పుంటుంది. రొయ్యల లారీల నుంచి కారే నీళ్లు రోడ్డంతా తడిపి, అదే నీళ్లు మీ చక్రాల లోపలికి చిమ్ముతాయి. మామూలు పూతతో వచ్చిన మరలు ఒకట్రెండు ఏళ్లలో బిగుసుకుపోతాయి. అప్పుడు ఎత్తు మార్చుకునే సౌకర్యం కోసం పెట్టిన డబ్బంతా రొయ్యల చెరువులో పోసినట్టే. కేడబ్ల్యూ సెట్‌లలో ఇనాక్స్ పేరుతో స్టెయిన్‌లెస్ స్టీల్ బాడీ వస్తుంది, సముద్రం పక్కనున్నవాళ్లు ఆ తేడా డబ్బు కట్టడం న్యాయమే. ఏది కొన్నా నెలకోసారి మరల మీద మంచినీళ్లు కొట్టి కడగండి, వానలకి ముందూ తర్వాతా కాలర్‌ని కాస్త తిప్పి, పెట్టిన గుర్తు దగ్గరికే మళ్లీ తెచ్చి, మరలు బిగుసుకోకుండా యాంటీ-సీజ్ గ్రీజు పూయండి.

ఎయిర్ సస్పెన్షన్

ఎయిర్ లిఫ్ట్ లాంటి కంపెనీల కిట్‌లు పెడితే ర్యాంపు దగ్గర లేపి, పార్కింగ్‌లో నేలకి కూర్చోబెట్టొచ్చు. లెక్క ప్రకారం మన సమస్యకి సరైన జవాబు ఇదే. కానీ కంప్రెసర్, ట్యాంకు, గొట్టాలు, వాల్వులు డిక్కీలో సగం తింటాయి. మే నెల ఎండలో కంప్రెసర్ మీద భారం ఎక్కువ. ఒక ఫిటింగ్ లీకైతే బండి తెల్లారేసరికి నేల మీద పడుకుని ఉంటుంది, కావలిలో దానికి సామాను దొరకదు. ఎగ్జిబిషన్ బండికి సరే, ఆఫీసుకి పోయే బండికి వద్దు.

దించకుండానే

అందమే కావాలంటే ముందు చక్రాలు చూడండి. 205/55 ఆర్16 టైరు (16 అంగుళాల రిమ్ము) నుంచి 225/45 ఆర్17కి (17 అంగుళాలు) మారితే టైరు మొత్తం వ్యాసం ఇంచుమించు మారదు, స్పీడోమీటర్ సరిగ్గానే ఉంటుంది, గ్రౌండ్ క్లియరెన్స్ ఒక్క మి.మీ. కూడా తగ్గదు. సరైన ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ములు బయటికి కాస్త వస్తే ఫెండర్ నిండుగా కనిపిస్తుంది. సైడ్‌వాల్ 11 సెం.మీ. నుంచి 10 సెం.మీ.కి తగ్గుతుంది కాబట్టి గుంతల్లో కాస్త జాగ్రత్త. 18 అంగుళాల రిమ్ముకి పోవద్దు, రిమ్ము వంకర తీసేవాడికి నెలనెలా డబ్బు కట్టాలి.

కనిగిరి, ఉదయగిరి, పొదిలి వైపు రోజూ తిరిగేవాళ్లకి నేను ఇంకొకటి చెబుతాను. ఎత్తు ముట్టుకోకుండా బిల్‌స్టీన్ బీ6 లాంటి మంచి షాకబ్జార్బర్లు మాత్రమే వేసుకోండి. రాపూరు నుంచి చిట్వేలు ఘాట్‌లో బండి పట్టు మీకే తెలుస్తుంది, ఊరి దిబ్బల దగ్గర ఆయిల్ చాంబర్‌కి ఏమీ కాదు. నెల్లూరు, ఒంగోలు ఊళ్లోనే తిరుగుతూ ఎన్‌హెచ్-16 మీద చెన్నైకో విజయవాడకో వెళ్లేవాళ్లయితే స్ప్రింగ్‌లు, షాకబ్జార్బర్లు కలిపి 20, 25 దించడం దగ్గర ఆగండి. కాయిలోవర్లు ట్రాక్‌కి నిజంగా వెళ్లేవాళ్లకి, వెళ్లినప్పుడు పానా పట్టుకునే ఓపికున్నవాళ్లకి. వాన పడితే మాగుంట లేఅవుట్, ఆత్మకూరు బస్టాండ్ అండర్‌బ్రిడ్జిల్లో ఎన్ని నీళ్లు నిలుస్తాయో మీకు తెలుసు. 40 దించిన బండికి గాలి పీల్చే గొట్టం కూడా 40 కిందికి వస్తుందని గుర్తుంచుకోండి.

చట్టం సంగతి

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని అనుమతించదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ని గట్టిగానే సమర్థించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. అందుకే కంపెనీయే తన యాక్సెసరీల కింద అమ్మే స్పోర్ట్ స్ప్రింగ్ మీ మోడల్‌కి ఉంటే ముందు అది చూడండి, వారంటీ గొడవ కూడా తగ్గుతుంది. చేయించే ముందు రవాణా శాఖ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకుండా చేస్తే క్లెయిమ్ రోజున పేచీ పెట్టడానికి వాళ్లకో సాకు దొరుకుతుంది.

బిగించేటప్పుడు

ఇక్కడే చాలామంది నష్టపోతారు. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టుల్ని బండి లిఫ్ట్ మీద వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగాక ఆ రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, కొన్ని నెలల్లో చిరుగుతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు ఇవ్వాలి. మెకానిక్‌ని ముందే ఈ మాట అడగండి. తెల్లమొహం వేస్తే ఇంకో షెడ్డు చూసుకోండి.

దించాక ముందు చక్రాల టో (చక్రాలు నేరుగా కాక లోపలికో బయటికో చూసే కోణం) మారుతుంది. అది సరిచేయకపోతే కొత్త టైర్లు లోపలి వైపు గుండైపోతాయి. పని అయిన వెంటనే ఒక అలైన్‌మెంట్, స్ప్రింగ్‌లు సర్దుకున్నాక కొన్ని వందల కిలోమీటర్లకి ఇంకొకటి చేయించండి. పోలో, వర్టుస్ లాంటి వాటికి వెనక ట్విస్ట్ బీమ్ (రెండు వెనక చక్రాలనీ కలిపే ఒకే దూలం) ఉంటుంది కాబట్టి వెనక పెద్దగా ఏమీ మారదు. మల్టీలింక్ (ఒక్కో చక్రానికి విడివిడిగా కొన్ని ఆర్మ్‌లు) ఉన్న బీఎండబ్ల్యూల్లో వెనక చక్రాలు లోపలికి వాలతాయి, 30 దాటి దించితే సరిచేసే ఆర్మ్‌లు కూడా కొనాల్సి రావచ్చు. హెడ్‌లైట్లు మర్చిపోవద్దు. ఆటో లెవెలింగ్ ఉన్న కార్లలో సెన్సర్ సస్పెన్షన్ ఆర్మ్‌కే ఉంటుంది, కొత్త ఎత్తుకి స్కానర్‌తో క్యాలిబ్రేట్ చేయించాలి.

తీసిన స్టాక్ స్ప్రింగ్‌లు, షాకబ్జార్బర్లు షెడ్డులో వదిలేసి రాకండి, పాత ఇనుము కింద పోతాయి. ముందువేవో వెనకవేవో, ఎడమవేవో కుడివేవో మార్కర్‌తో రాసి, నూనె గుడ్డతో తుడిచి అటక మీద పెట్టండి. బండి అమ్మేటప్పుడు కొనేవాళ్లలో ఎక్కువమంది స్టాక్ ఎత్తే అడుగుతారు, దింపిన సెట్‌ని విడిగా అమ్ముకుంటే పెట్టిన డబ్బులో కొంత వెనక్కి వస్తుంది.